జుక్కల్ సీమలో సందడిలేని బాటలు

తెలంగాణమునకు పడమటి అంచున, కర్ణాటక మహారాష్ట్రముల పొలిమేరలు చేరువగా వచ్చు తావున, జుక్కల్ అను గ్రామము కలదు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన కామారెడ్డి జిల్లా యేర్పడిన నాటినుండి అది ఆ జిల్లాలో ఒక మండల కేంద్రము. అంతకుముందు నిజామాబాదు జిల్లాలోనిది. దానికిని ముందు, మన తాతలనాడు, నాందేడు జిల్లాలోనిది. సంతనాడు ఆ చుట్టుప్రక్కల అంగళ్ళలో నిలిచి వినినచో తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ, లంబాడీల పలుకు ఒకదానితో నొకటి కలిసి చెవిని బడును. ఇట్టి సీమను గూర్చి చరిత్ర ప్రసంగమనగానే శ్రోతలు కోటలను, రాజులను, యుద్ధములను ఎదురుచూచుట సహజము. అవియు కలవు, వానిని విడువము. కాని మేము ముఖ్యముగా చెప్పదలచినది అక్కడి బాటలను గూర్చి, ఆ బాటలపై సైకిలు త్రొక్కుచు దేశము చూడబోవువారిని గూర్చి.

సైకిలుపై దూరయాత్ర చేయగోరువానికి రెండు సౌకర్యములు కావలెను. త్రోవ చక్కగా ఉండవలెను. ఆ త్రోవపై లారీల రద్దీ లేకుండవలెను. ఈ రెండును ఒక్కచోట దొరకుట నేడు మిక్కిలి అరుదు. మంచి రోడ్డు పడిన మరునాటినుండియే లారీలును కార్లును దానిమీదికి వచ్చును. అవి రాని చోట తరచుగా రోడ్డే ఉండదు. జుక్కల్, బిచ్కుంద, మద్నూరు ప్రాంతములలో మాత్రము చాలచోట్ల ఈ రెండును కలిసియే దొరకుచున్నవి. జొన్నచేలు, కందిచేలు, ప్రత్తి, సోయాచిక్కుడు పొలముల నడుమ, ఊరినుండి ఊరికి సన్నని తారురోడ్లు పోవుచుండును. వానినుండి చీలి బండ్లబాటలు చేలలోనికి పోవును. ప్రొద్దుటిపూట ఆ దారులలో ఎదురగునవి ఎడ్లబండ్లు, మేకలమందలు, బడికి పోవు పిల్లలు, ఒకటి రెండు మోటారు సైకిళ్ళు.

ఈ నెమ్మది దానంతటదియే వచ్చినది కాదని మా అభిప్రాయము. దీనికి చరిత్రలో కారణములు కలవు. నాలుగు పర్యాయములు పెద్దదారి ఈ సీమను ఒక ప్రక్కకు విడిచి తన త్రోవను తాను పోయినది. పెద్దదారి విడిచిన చోట చిన్నదారులు బ్రతికినవి. ఆ నాలుగు సందర్భములను వరుసగా చెప్పుదుము.

మొదట ఈ సీమ నెమ్మదిగా ఉండెడిది కాదు. జుక్కల్ మండలములోనే కౌలాసు దుర్గము కలదు. కాకతీయ సామ్రాజ్యము 1323లో కూలిన పిమ్మట ఓరుగల్లును మరల చేజిక్కించుకొన్న కాపయనాయకునికిని, 1347లో దక్కనున స్వతంత్రరాజ్యము స్థాపించిన అల్లాఉద్దీన్ హసన్ బహమన్‌షాకును వైరము కలిగినప్పుడు, 1350 ప్రాంతమున కాపయనాయకుడు సంధికై విడువవలసి వచ్చినది ఈ కౌలాసు కోటనే. ఒక కోటను ఇచ్చి సంధి చేసికొనుటను బట్టియే దాని విలువ తెలియుచున్నది. తెలుగుదేశమునుండి బీదరువైపునకు, మరాఠా దేశమువైపునకు పోవు దారులకు అది ఒక తలుపు. తరువాతి కాలమున అది బీదరు సుల్తానులకును గోల్కొండ సుల్తానులకును నడుమ సరిహద్దు దుర్గమై నిలిచెను. సరిహద్దు కోట యున్న చోట దండ్లు నడచును. దండ్ల వెనుక ధాన్యపు బండ్లు నడచును. అందుచేత ఆ కాలమున ఈ బాటలపై నేటికన్న ఎక్కువ సందడి యుండెననుకొనుటలో తప్పులేదు.

పదునేడవ శతాబ్దికి పరిస్థితి మారెను. గోల్కొండ వజ్రములకును, వస్త్రములకును పేరుగాంచిన వాణిజ్యకేంద్రమయ్యెను. ఉత్తరమున ఔరంగాబాదు మొగలాయీల దక్కను రాజధాని యయ్యెను. ఈ రెంటిని కలుపు పెద్దదారి నాందేడు దాటిన పిదప మంజీర కావలి ఒడ్డునకు చేరి, ఇందూరు, ఇందల్వాయి మీదుగా సాగెను. ఇందూరనగా నేటి నిజామాబాదు. ఫ్రెంచి యాత్రికులు తవెర్నియే, థెవెనో మున్నగువారు ఔరంగాబాదు వైపునుండి గోల్కొండకు వచ్చుచు నడచినది ఆ తూర్పుదారినే. ఇందల్వాయి కత్తులకు ప్రసిద్ధి యని థెవెనో వ్రాసెను. జుక్కల్ సీమ మంజీరకు పడమట ఉండిపోయెను. ఇది పెద్దదారి ఈ సీమను విడిచిన మొదటి పర్యాయము.

మంజీరను గూర్చి ఒక మాట. అది బాలాఘాటు కొండలలో, నేటి మహారాష్ట్రలోని బీడు జిల్లాలో పుట్టి, తూర్పుగా దక్షిణముగా లాతూరు, బీదరు జిల్లాలమీదుగా మెదకు సీమకు వచ్చి, అక్కడ ఒక పెద్ద వంపు తిరిగి ఉత్తరముఖముగా పారి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. ఆ వంపునకు లోపలి ప్రక్కన జుక్కల్ సీమ కలదు. అనగా తూర్పునను నది, దక్షిణమునను నది. పూర్వము వానకాలమున నది దాటుట కష్టము. పెద్ద వ్యాపారులు అట్టి చోటికి తిరిగి రారు.

పెద్దదారి పోయినను రాకపోకలు నిలిచిపోలేదు. వానిని నిలిపినవారు బంజారాలు, అనగా మన లంబాడీలు. ఎద్దులవీపున గోనెలు వేసి, ఉప్పును ధాన్యమును ఒక సీమనుండి వేరొక సీమకు చేరవేయుట వారి వృత్తి. పది పండ్రెండువేల ఎద్దులు ఒక్క బిడారుగా కదలుట తాను చూచితినని తవెర్నియే వ్రాసెను. బిడారునకు రాళ్ళు పరచిన రోడ్డు అక్కరలేదు. దారిపొడవునను మేపును, మజిలీ మజిలీకి నీరును ఉన్న చాలును. అందుచే వారి దారులు మిట్టలమీదుగా, చెరువుల వెంబడి, వాగులు లోతుతక్కువైన రేవులమీదుగా పోయెను. నేడు ఈ సీమలో అడుగడుగున కనబడు తండాలు ఆ జీవనమునకు మిగిలిన గుర్తులు.

1857లో జరిగిన తిరుగుబాటు కాలమున కౌలాసు పేరు మరల వినబడెను. నానాసాహెబు పక్షమున దక్కనులో జనులను కూడగట్టబూనిన రంగారావు అను నతనితో చేతులు కలిపెనని కౌలాసు రాజైన దీప్ సింగుపై నేరము మోపబడెను. విచారణానంతరము రాజునకు మూడేండ్ల చెరసాల విధింపబడెను. రంగారావును అండమాను ద్వీపములకు పంపిరి. అతడు అక్కడనే మరణించెను. ఆ కుట్రలో వార్తలు మోసినది తంతి కాదు, టపా బండి కాదు. ఊరినుండి ఊరికి కాలినడకను, గుఱ్ఱముమీదను పోయిన మనుష్యులు. పెద్దదారికి ఎడముగా నున్న పల్లెబాటలు రహస్యము మోయువారికి ఎంత అనుకూలములో దీనివలన ఊహింపవచ్చును.

రెండవ పర్యాయము ఈ సీమను విడిచినది రైలుదారి. సికిందరాబాదునుండి మన్మాడు వరకు గోదావరి లోయ రైలుమార్గము 20వ శతాబ్ది ఆరంభమునకు పూర్తి యయ్యెను. అది కామారెడ్డి, నిజామాబాదు, బాసరల మీదుగా నాందేడునకు పోయెను. రైలు పోయిన వెంబడి పట్టణములు పెరిగినవి. ప్రత్తి జిన్నింగు మిల్లులును, బియ్యపు మిల్లులును వెలసినవి. జుక్కల్, బిచ్కుంద, మద్నూరు రైతులకు స్టేషను చూడవలెనన్నచో నదిని దాటి చాలదూరము బండి కట్టవలసియుండెను. 1932లో నిజాము ప్రభుత్వ రైల్వేశాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించెను. బస్సులును మొదట పెద్దరోడ్లనే పట్టుకొని తిరిగినవి. లోపలి పల్లెలకు ఎడ్లబండియే బస్సు, ఎడ్లబండియే రైలు.

ఇక్కడ ఎడ్లబండి బాటయొక్క లక్షణమును కొంచెము వివరింపవలెను. మా ప్రసంగమునకు ఇది ముఖ్యము. బండి గంటకు మూడు కిలోమీటర్లకన్న ఎక్కువ నడువదు. ఉదయము బయలుదేరి సంతకు పోయి, సరుకు దించి, ప్రొద్దుగ్రుంకులోగా ఇల్లు చేరవలెను. అందుచేత సంతలన్నియు ఒకదానికొకటి పూట ప్రయాణమున ఉండునట్లు ఏర్పడినవి. నడుమ ఎద్దులు నీరు త్రాగుటకు ఒక బావియో చెరువో, అవి నిలుచుటకు ఒక మఱ్ఱియో వేపయో ఉండును. మెట్ట ఎక్కవలసి వచ్చినచో బాట నిట్టనిలువుగా ఎక్కదు, ప్రక్కకు వాలి ఎక్కును. బరువు బండిని ఎద్దులు లాగగలిగినంత వాలే దానికి కొలత. సైకిలువాడు గంటకు పండ్రెండు, పదునైదు కిలోమీటర్లు నడచును. ఎద్దులకు ఒక పూటయైన దారి అతనికి ఒక గంట. ఎద్దు ఎక్కగల వాలును అతడును ఆయాసము లేక ఎక్కగలడు. ఎద్దుకు కావలసిన నీరు, నీడ అతనికిని కావలెను. కావున ఎడ్లకొరకు పుట్టిన ఈ అల్లిక, ఎవ్వరును తలపెట్టకయే, సైకిలు యాత్రకు సరిపోవు అల్లిక యయ్యెను.

ఇంతలో మంజీరపై ఒక మహానిర్మాణము ప్రారంభమయ్యెను. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరము నవాబు అలీ నవాజ్ జంగు బహదూరు ఇంజనీరింగు ప్రజ్ఞకు నిదర్శనము. నదికి అడ్డముగా సుమారు మూడు కిలోమీటర్ల పొడవున రాతికట్టడము లేచెను. కట్టడముపై పదునాలుగు అడుగుల వెడల్పున దారి యేర్పడెను. దానినుండి పెద్దకాలువ బాన్సువాడ, బోధను దిక్కుగా పారి, రెండులక్షల యెకరములకు మించిన భూమికి నీరందించుటకు ఉద్దేశింపబడెను. ఆ నీటివలన చెరకు పండెను. 1937లో బోధనులో చక్కెర ఫ్యాక్టరీ వెలసెను. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతబడినది. జలాశయములో పూడిక చేరి, మొదట 29.7 టి.ఎం.సి.లుగా నున్న సామర్థ్యము 17.8 టి.ఎం.సి.లకు దిగినది. మునిగిన పల్లెలవారి బాటలును నీటిపాలయ్యెను. అయినను ఆ నిర్మాణము సైకిలువానికి ఒక క్రొత్త విధమగు దారిని ప్రసాదించెను. అది కాలువగట్టు. కాలువ నీరు పారుటకు తగినంత మాత్రమే వాలును. కాబట్టి గట్టుదారియు దాదాపు సమతలముగా నుండును. ఒక ప్రక్క నీరు, ఒక ప్రక్క వరిమళ్ళు. తనిఖీ ఉద్యోగులకొరకు వేసిన దారిపై లారీలకు పనిలేదు.

1923వ సంవత్సరమునకు సైకిళ్ళ చరిత్రలోను ఒక విశేషము కలదు. ఆ యేడు అక్టోబరు 15వ తేదీన బొంబాయినుండి ఆరుగురు పారసీ యువకులు సైకిళ్ళపై భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. వారిలో ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా అను మువ్వురు ఎడారులు, మంచుకొండలు, అడవులు దాటి, దాదాపు 71,000 కిలోమీటర్లు త్రొక్కి, 1928 మార్చి 18న బొంబాయికి తిరిగి వచ్చిరి. వారి యాత్రాగ్రంథమునకు జవాహరులాలు నెహ్రూ తొలిపలుకు వ్రాసెను. మంజీరపై రాళ్ళు పేర్చుచున్న ఆ యేండ్లలోనే మన దేశపు కుఱ్ఱవాండ్రు ప్రపంచమును చక్రములపై చుట్టి వచ్చిరన్నమాట.

ఆ వాహనము పుట్టినది మాత్రము పాశ్చాత్యదేశములలో. 1817లో జర్మనీలో డ్రయిస్ అను నతడు కాళ్ళతో నేలను తన్నుచు నడపు రెండు చక్రముల బండిని చేసెను. 1885లో స్టార్లీ అను ఆంగ్లేయుడు రెండు సమానచక్రములు, గొలుసు గల నేటి రూపమును స్థిరపరచెను. 1888లో డన్‌లప్ గాలిటైరును కల్పించెను. అంతకుముందే, 1878లో, ఇంగ్లండులో సైకిలు యాత్రికులు ఒక సంఘముగా చేరిరి. ఏ దారి బాగున్నది, ఏ వాలు ప్రమాదకరము, ఏ సత్రములో బస దొరకును అను వివరములను వారు సభ్యులకు అందజేసిరి. ప్రమాదపు వాలులకడ హెచ్చరిక పలకలు నాటించిరి. మోటారు లేని ఆ కాలమున మంచిరోడ్లు కావలెనని మొదట కోరినవారిలో సైకిలువాండ్రు ముందున్నారు. ఆ రోడ్లు బాగుపడిన పిదప వానిపైకి మోటార్లు రాగా, తాము కోరిన రోడ్లమీదనే తమకు చోటులేకపోవుట వారి కర్మము.

మన పల్లెలకు సైకిలు దూరయాత్రకై రాలేదు, బ్రతుకుతెరువుకై వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1949లో మద్రాసు చెంత అంబత్తూరులో టి.ఐ. సైకిల్సు, 1951లో సోనీపట్టున అట్లాసు, 1956లో లూధియానాలో హీరో కర్మాగారములు స్థాపింపబడగా, స్వదేశపు సైకిళ్ళు మార్కెట్టులోనికి వచ్చినవి. టపా మనిషి, బడిపంతులు, పాలవాడు, బట్టలమూట కట్టుకొని ఊరూర తిరుగు వ్యాపారి, వీరందరు దానిని తమదిగా చేసికొనిరి. పట్టణములలో గంటకు ఇంతయని సైకిళ్ళను అద్దెకిచ్చు దుకాణములు వెలసినవి. పెండ్లిలో అల్లునికి చేతిగడియారము, రేడియో, సైకిలు ఇచ్చుట మర్యాదగా నుండిన కాలము పెద్దలకు జ్ఞాపకముండును. బండిచక్రములు త్రొక్కిన గాడిలో ముందుచక్రమును నిలుపుకొని, గాడి తప్పక పోవుట అప్పటి పల్లెటూరి కుఱ్ఱవానికి మొదటి పాఠము.

మూడవ సందర్భము 1956లో వచ్చినది. ఆ యేడు నవంబరు 1వ తేదీన భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడగా హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలయ్యెను. అంతవరకు జుక్కల్, బిచ్కుంద సర్కిళ్ళు నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలోనివి. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము ఆ రెండు సర్కిళ్ళను పేరు పెట్టి చెప్పి, తాలూకాలోని మిగిలిన భాగమునుండి విడదీసి, ఆంధ్రప్రదేశములో చేర్చెను. దెగ్లూరు మహారాష్ట్రకు పోయెను. అప్పుడు దాని పేరు బొంబాయి రాష్ట్రము. ఒక్క రాత్రిలో కచేరి ఊరు పరరాష్ట్రమయ్యెను. దస్తావేజుకును, దావాకును పడమటికి, ఉత్తరమునకు పోవుచుండినవారు ఇక తూర్పున మంజీర దాటి నిజామాబాదు దిక్కునకు మరలవలసివచ్చెను. బాటలు పాతదిక్కునకు పోవుచుండెను. పనులు క్రొత్తదిక్కున ఉండెను.

అయినను బాటలు చావలేదు. పిల్లనిచ్చుట, పిల్లను తెచ్చుకొనుట, జాతరకు పోవుట, ఎడ్లను కొనుట మున్నగు పనులు రాష్ట్రపు హద్దును చూచి జరుగవు. కావున దెగ్లూరు వైపునకును, బీదరు జిల్లా పల్లెలవైపునకును పోవు చిన్నదారులు చుట్టరికపు దారులుగా నిలిచినవి. అధికారుల వాహనములును పెద్దసరుకులును వేరు దిక్కునకు మళ్ళినవి. ఈనాడు సైకిలుపై ఆ దారినబడి పోవువాడు, ఒక గంటలో దుకాణముల పేరుపలకలమీది లిపి తెలుగునుండి దేవనాగరికో కన్నడమునకో మారుట చూచును. లిపి మారును గాని చేను మారదు, బండి మారదు, మాట కూడ వెంటనే మారదు.

నాలుగవ సందర్భము మన కనులయెదుట జరిగినది. సంగారెడ్డినుండి నాందేడు మీదుగా అకోలాకు పోవు రోడ్డు నేడు 161వ నంబరు జాతీయ రహదారి. అది పిట్లము, మద్నూరు ప్రాంతములమీదుగా దెగ్లూరునకు పోవును. ఇటీవల దానిని నాలుగు వరుసలుగా విస్తరించిరి. దూరపు లారీలన్నియు దానిపైననే పరుగెత్తుచున్నవి. జుక్కల్ గ్రామము దానికి ఎడముగా, పడమటివైపున ఉండిపోయినది. 2000వ సంవత్సరము డిసెంబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన మొదలగు పథకములవలన దేశమంతట పల్లెలకు తారురోడ్లు పడినవి. రహదారి రద్దీని తాను తీసికొన్నది, పల్లెరోడ్డు నునుపైనది. ఈ రెండును కలిసిననాడు సైకిలువాడు కోరిన యోగము కుదిరినది.

ఇతరదేశములవారు ఇట్టి యోగమును ధనము వెచ్చించి కొనితెచ్చుకొనుచున్నారు. ఇంగ్లండులో బ్రిస్టలు, బాతు నగరముల నడుమ మూతబడిన రైలుమార్గమును 1979 మొదలు 1986 వరకు కొంచెము కొంచెముగా సైకిలుదారిగా మార్చిరి. స్పెయినులో 1993 మొదలు పాత రైలుమార్గములు ‘పచ్చని దారులు’ అను పేర సైకిళ్ళకును కాలినడకకును విడువబడుచున్నవి. బెల్జియములో హ్యూగో బోలెన్ అను గని ఇంజనీరు, గనిలో సొరంగములు కలియు కూడళ్ళకు నంబర్లు వేయు పద్ధతిని పల్లెదారులకు వర్తింపజేసెను. 1995లో లింబుర్గు సీమలో ప్రారంభమైన ఆ పద్ధతిలో యాత్రికుడు ఊళ్ళ పేర్లు తెలియకున్నను, కూడలి నంబర్లను కాగితముపై వ్రాసికొని దినమంతయు తిరుగగలడు. మన హైదరాబాదులోను బాహ్యవలయ రహదారి ప్రక్కన సౌరఫలకముల నీడలో 23 కిలోమీటర్ల సైకిలుబాట 2023 అక్టోబరు 1న ప్రారంభమైనది. నగరమునకు అది కావలసినదే. జుక్కల్ సీమకు మాత్రము కట్టవలసినది అంతగా లేదు. ఉన్నదానిని పోగొట్టుకొనకుండుటయే పని.

పోగొట్టుకొనుట ఎట్లు జరుగుచున్నదో చెప్పవలెను. సాలార్ జంగు మంత్రిగా నున్న కాలమున హైదరాబాదు రాజ్యములో సర్వే ప్రారంభమయ్యెను. ఊరూర తయారైన నక్షాలలో పొలముల గట్లతోపాటు బండ్లబాటలును గుర్తింపబడినవి. వానినే సరిహద్దు పల్లెలలో పానాది యందురు. మరాఠీవారు పాణంద యందురు. బండ్లు తగ్గినవి, ట్రాక్టర్లు వచ్చినవి. వాడుక తగ్గిన బాటలోనికి ప్రతి దుక్కికి ఒక సాలు, ప్రతి యేటికి ఒక మూర చొప్పున చేను జరుగును. కొన్నాళ్ళకు బాట నక్షాలో మాత్రమే మిగులును. దానివలన నష్టపడువాడు మొదట యాత్రికుడు కాడు. లోపలి చేనుగల చిన్నరైతు. కోతలనాడు పంటను బయటికి తెచ్చుకొనుటకు పొరుగువానిని బ్రతిమాలవలసిన దుస్థితి అతనిది. ఎల్లకు ఆవల మహారాష్ట్ర ప్రభుత్వము 2021లో పొలముబాటలకై ప్రత్యేకముగా ఒక పథకమును ప్రకటించినది. రైతునకు బాట మిగిలినచో యాత్రికునకును మిగులును.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. పట్టణమునుండి వచ్చి రెండు దినములు సైకిలు త్రొక్కువానికి నెమ్మది సుఖమే. అక్కడనే బ్రతుకువానికి ఆ నెమ్మది యనగా రాని బస్సు, దూరమైన ఆసుపత్రి, అందని స్టేషను కాదా యని. ఈ మాట నిజము. పెద్దదారి నాలుగు మార్లు విడిచిపోవుట ఆ ప్రజలు కోరుకొన్న భాగ్యము కాదు. ఆ సీమకు మంచిరోడ్లు, మంచిబస్సులు రాకూడదని యాత్రికుడు కోరినచో అది స్వార్థము. మేము కోరునది అదికాదు. క్రొత్తరోడ్డు వేయునపుడు పాతబాటను పూడ్చివేయవలసిన పని లేదనియు, రెండును ప్రక్కప్రక్కన బ్రతుకవచ్చుననియు మాత్రమే మా మనవి. పెద్దరోడ్డు వేగము గలవానిది. బండ్లబాట పశువులకాపరిది, కూలికి పోవు స్త్రీలది, బడిపిల్లలది. వారికి భద్రమైన దారియే సైకిలు యాత్రికునికిని భద్రమైన దారి.

ఆ సీమకు సైకిలుపై పోదలచు శ్రోతలకు కొన్ని మాటలు చెప్పి ముగింతుము. వానకాలమున పోవలదు. అక్కడి నల్లరేగడి తడిసినచో చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ ముద్దగా పట్టి చక్రమును తిరుగనీయదు. అప్పుడు మనము సైకిలునెక్కుటకు మారుగా సైకిలు మన భుజమునెక్కును. కార్తికము మొదలు మాఘము వరకు మంచికాలము. బిచ్కుందలోనో మద్నూరులోనో దిగి, రహదారిని విడిచి జుక్కల్ చేరి, అక్కడినుండి కౌలాసు కోటను, కౌలాసు నాలా జలాశయమును చూచి, తూర్పుగా మరలి, పిట్లము కడ రహదారిని జాగ్రత్తగా దాటి నిజాంసాగరమునకు పోవచ్చును. రెండు దినములకు తగిన యాత్ర. గాలి పంపు, పంక్చరు సామాను వెంట ఉంచుకొనవలెను. పంట ఆరబోసిన రోడ్డుపై చక్రము ఎక్కింపరాదు, దిగి నడువవలెను. చేలమీద కాపున్నపుడు గట్టుదాటరాదు. కాలువగట్టుపై నీటిపారుదలవారి అనుమతి కావలసినచోట అడిగి పోవలెను.

దారి తప్పినచో చేతిలోని ఫోనును చూచుటకన్న ముందు చేనిలోని ముసలివానిని అడుగుడు. అతడు ఏ బాట ఏ సంతకు పోయెడిదో, ఏ రేవున బండ్లు దాటెడివో, ఏ చెట్టుక్రింద ఎడ్లను విప్పెడివారో చెప్పును. ఈ బాటల చరిత్ర చాలవరకు పుస్తకములలో లేదు. అట్టివారి నోటనే ఉన్నది. ఆ ఊరి బడిపిల్లలు తమ గ్రామపు నక్షా ఎదుట పెట్టుకొని, తాతలనడిగి, ఒక్కొక్క బాటకు దాని పేరును, అది చేరు ఊరిపేరును వ్రాసి పెట్టినచో, అది పదిమంది యాత్రికులకు దారిచూపును. అంతకన్న ముఖ్యముగా, ఒక బాట కలదని ఊరంతయు ఎరిగియున్నపుడు దానిని దున్నివేయుట అంత సులభము కాదు.